బొంత ఒళ్లో, ఎండ నెత్తిన

సూదీ దారం: ఈ నెల మీ ప్రశ్నలు, నా జవాబులు

మామూలుగా ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో జాకెట్టు చంకల్లో పట్టేస్తోందనో, మిషన్ కుట్టు వదిలేస్తోందనో ఉంటుంది. ఈ నెల మాత్రం దాదాపు అందరిదీ ఒకటే గోడు. ఈ ఎండలకి బొంత పట్టుకోలేకపోతున్నామని. పట్నంలో పెరిగినవాళ్లు కొందరు, అసలు వేసవిలో బొంతలేమిటి, చలికాలంలో కుట్టుకోవచ్చుగా అని కూడా రాశారు. పల్లెల్లో ఈ మాట ఎవరూ అడగరు. ఆడవాళ్లకి పొలం పని కాస్త తెరిపిచ్చేది ఈ రెండు నెలలే. తొలకరి పడిందంటే విత్తనాలు, నాట్లు, కలుపు తీతలు, ఇక సూది పట్టుకునే తీరిక ఉండదు. పైగా ఉతికిన పాత చీర ఇలా ఆరేస్తే అలా ఎండిపోయేది ఇప్పుడే. చలికి కప్పుకోవాల్సిన బొంతని ఎండల్లోనే కుట్టాలి మరి. కాబట్టి మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను. ఎప్పుడు కుట్టాలి, ఎక్కడ కూర్చుని కుట్టాలి, ఎప్పుడు సూది పక్కన పెట్టెయ్యాలి, అదే చెబుతాను.

అమ్మా, మా చెల్లెలికి శ్రావణంలో పురుడు. పుట్టబోయే బిడ్డకి రెండు చిన్న బొంతలు, చెల్లెలికి ఒక పెద్ద బొంత నా చేత్తోనే కుట్టివ్వాలని ఆశ. మా అమ్మ కట్టి వదిలిన నేత చీరలు నాలుగు దాచి ఉంచాను. నాకు మధ్యాహ్నం తప్ప తీరిక చిక్కదు. మాది రేకుల వసారా. ఫ్యాన్ వేస్తే గుడ్డ ఎగిరిపోతుంది, ఆపితే చెమటలు. బొంత ఒళ్లో పెట్టుకుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటోంది. ఏం చెయ్యమంటారు?
ఒక సోదరి, రెంటచింతల

తల్లీ, రెంటచింతల ఎండ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది! నేను కొత్తగూడెం మనిషిని, నాకూ ఎండ కొత్త కాదు. ముందు ఆ రేకు కింద నుంచి లేచి వచ్చెయ్యండి. పన్నెండు నుంచి నాలుగు దాకా రేకుల వసారాలో బొంత పని వద్దే వద్దు. రేకు పైనుంచి కక్కే వేడికి ఏ ఫ్యానూ సరిపోదు.

తీరిక మధ్యాహ్నమే అన్నారు కాబట్టి పనిని మూడు ముక్కలు చేసుకోండి. బొంతలో ఒళ్లు వంచి, గుడ్డ లాగి, మోకాళ్ల మీద పాకుతూ చేసే పని ఒకటుంది. పరవడం, నాలుగు మూలలా సాగదీసి రాళ్లు పెట్టడం, పొరలు కదలకుండా పొడవు పొడవు కచ్చా కుట్లు వెయ్యడం. ఇది తెల్లవారుజామున ఐదింటికి, ఇల్లు లేవకముందు చేసుకోవాలి. పెద్ద బొంతకైనా రెండు పూటలు చాలు. వరసగా సన్నకుట్టు వేసే పని రాత్రి పూట, అన్నాలయ్యాక, వాకిట్లో మంచం మీద. ఇక మధ్యాహ్నానికి మిగిలేది ఒళ్లు అలవని చిల్లర పని. చీర అంచుల కుట్లు విప్పడం, చిరుగులు చూసి గుర్తు పెట్టుకోవడం, ఐదారు సూదులకి దారం ఎక్కించి ఉంచుకోవడం. అది కూడా లోపలి గదిలో, నాపరాళ్ల నేల ఉంటే ఆ నేల మీద కూర్చుని.

గుడ్డ లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే మీ ఇబ్బంది సగం అక్కడే తీరుతుంది. ఐదున్నర మీటర్ల చీరని పొడవు వైపు మూడు మడతలు వేస్తే దాదాపు 1.8 మీటర్ల పొడవున మూడు పొరలు వస్తాయి. ఒక మనిషికి అది చాలు. రెండు చీరలకి ఆరు పొరలు, చెల్లెలి బొంత అయిపోయింది. బిడ్డ బొంతలకి ఒక్కటే చీర తీసుకోండి. సగానికి చింపి, ఒక్కో సగాన్ని మళ్లీ మూడు మడతలు వేస్తే ఒక్కోటి 90 సెంటీమీటర్ల పైచిలుకు పొడవు, చీర పన్నా అంత వెడల్పు, మూడు పొరలు. శ్రావణ భాద్రపదాల్లో ఉక్కపోతగానే ఉంటుంది, పసిబిడ్డ కిందికి మూడు పొరల కన్నా మందం అక్కర్లేదు. నాలుగో చీర మీ అమ్మ గుర్తుగా అలాగే ఉంచుకోండి. దాన్ని కూడా పొరల్లో పెట్టేస్తే బొంత బరువెక్కడం తప్ప లాభం లేదు. నేత చీర ఒక్కోటి అర కిలో దాకా తూగుతుంది, నాలుగు కలిస్తే రెండు కిలోలు మీ తొడల మీదే.

ఇప్పుడు అసలు చిట్కా. రోహిణి కార్తెలో, అంటే మే 25 తర్వాత ఆ రెండు వారాలు, బిడ్డ బొంతలే పట్టుకోండి. ఒళ్లో పెట్టుకున్నా బరువుండవు, వేడి చెయ్యవు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక పెద్దది తియ్యండి. శ్రావణానికి బోలెడు టైముంది, టెన్షన్ పడకండి.

పెద్దదాన్ని కుట్టేటప్పుడు కూడా ఒళ్లోకి లాక్కోకూడదు. నులక మంచం మీద బొంత పరిచి, పక్కన ఎత్తు పీట వేసుకుని కూర్చోండి. చేతికి అందే అంచు మాత్రం మోకాళ్ల మీదికి రావాలి, మిగతా బరువంతా మంచం మోస్తుంది. ఒక బారు కుట్టడం అయ్యాక ఆ భాగం చుట్టేసి అవతలికి నెట్టండి. టేబుల్ ఫ్యాన్‌ని నేల మీద, మీ వీపు వెనక పెట్టండి. గాలి వీపుకి తగలాలి, గుడ్డకి కాదు. ఎగిరే మూలల మీద కూరలో వేసే చింతపండు డబ్బా పెట్టినా సరే. అయితే వేడి 40 డిగ్రీలు దాటిన పూట ఒట్టి ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు. అంత వేడిలో ఫ్యాన్ ఒంటికి వేడిగాలినే తోస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, తలుపులు మూసి, ఆ పూట పడుకోండి. బిడ్డ బొంతకి జరీ అంచు గానీ, సిల్కు, నైలాన్ ముక్క గానీ తగలనివ్వకండి. ముడులన్నీ పొరల మధ్యలోకి వెళ్లిపోవాలి, పైన ఒక్కటి కూడా తేలకూడదు. పసి చర్మం గీరుకుంటుంది.

మేడమ్, మాది అపార్టుమెంటులో పై అంతస్తు, అద్దె ఇల్లు. ముక్కల బొంతలు మిషన్ మీద కుట్టి అమ్ముతాను. కూలర్ కొన్నాం, గది ఇంకా జిగటగా అయింది. ఏసీ రోజంతా వేస్తే వచ్చే డబ్బులు కరెంటు బిల్లుకే పోతాయి. మిషన్ దగ్గర గంట కూర్చుంటే జాకెట్టు తడిసి ముద్దవుతోంది.
విజయవాడ పాఠకురాలు

కూలర్ మీ ఊరికి సరిపడేది కాదు. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. మా వైపు, ఆదిలాబాద్ వైపు పొడి ఎండలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. విజయవాడ గాలిలో చెమ్మ ముందే నిండి ఉంటుంది, దానికి ఇంకాస్త చెమ్మ కలిపితే ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లే పద్ధతికీ ఇదే లెక్క. మాకు సుఖం, మీకు జిగట. కూలర్‌లో నీళ్లు పొయ్యకుండా ఒట్టి ఫ్యాన్‌లా, కిటికీ పక్కన పెట్టి వాడుకోండి. ఎదురు కిటికీ కూడా తెరిచి ఉండాలి.

మిషన్ పని కాబట్టి మీకు ఇంకో సలహా. మీ మిషన్ లైటు పాతకాలపు ఫిలమెంటు బల్బేమో చూడండి. సరిగ్గా మీ నుదుటికి, కుడిచేతికి జానెడు దూరంలో అది గంటల తరబడి కాలుతూ ఉంటుంది. మిషన్లకి పట్టే చిన్న ఎల్ఈడీ బల్బులు మిషన్ షాపుల్లో దొరుకుతాయి. అది మార్చిన రోజే తేడా తెలుస్తుంది. ఇంకొకటి ఇస్త్రీ. ముక్కల బొంతలో ప్రతి జాయింటుకీ లేచి వెళ్లి ఇస్త్రీ పెట్టడం చాలామందికి అలవాటు. వెయ్యి వాట్ల పెట్టె మీ పక్కనే సలసలా కాలుతూ ఉంటే గది చల్లబడేదెప్పుడు? జాయింటుని గోటితో గట్టిగా గీసి మడత విరిచి పక్కన పెట్టుకుంటూ పోండి. ఇస్త్రీ అంతా మర్నాడు పొద్దున్నే ఒకేసారి, వేరే గదిలో.

ఏసీ మాటకొస్తే, రోజంతా అక్కర్లేదు. కత్తిరింపులు, జతపరచడం, పిన్నులు గుచ్చడం పొద్దున్నే బాల్కనీలో చేసేసుకోండి. పేర్చిన ముక్కలు బుట్టలో సిద్ధంగా ఉంటే, మధ్యాహ్నం రెండు గంటలు ఏసీ 26 మీద పెట్టి, సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పుకుని, ఒకే ఊపున మిషన్ కుట్టు లాగించెయ్యొచ్చు. బాబిన్లు కూడా ముందే నాలుగైదు చుట్టి పెట్టుకోండి.

పై అంతస్తు శ్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి మీ మీదికి వదులుతుంది. ఇంటాయన ఒప్పుకుంటే డాబా మీద సున్నం పూయించండి. తెల్లటి పూత ఎండని వెనక్కి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ లెక్కనే. అద్దె ఇల్లని మొహమాటపడకండి. కింద ఉండేది మీరు, పూత మిగిలేది ఆయనకి.

ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి దారం ఊరికే తెగుతోంది. అదే రీలు, అదే దబ్బనం, సంక్రాంతికి బాగానే ఉండేది. మిగిలిన సూదులేమో చేతి చెమటకి తుప్పు పడుతున్నాయి. ఒక బొంత మీద తుప్పు మరక కూడా పడింది.
ఆదిలాబాద్ నుంచి

మీ దారం మంచిదే, గాలే మారింది. నూలుకి కాస్త చెమ్మ ఉంటేనే బలం, బాగా ఎండితే పెళుసుబారుతుంది. అందుకే నూలు మిల్లుల్లో పనిగట్టుకుని గాలిలో చెమ్మ ఉండేలా చూస్తారు. మీరు మిల్లు పెట్టక్కర్లేదు. దారం రీళ్లని నీళ్ల కుండ ఉన్న గదిలో, మూత వదులుగా ఉన్న డబ్బాలో ఉంచండి. ఎండ పడే కిటికీలో మాత్రం పెట్టకండి. ఎండ తగిలి తగిలి నూలు చివికిపోతుంది, రీలు పైచుట్లు చేత్తో లాగితేనే ఊడొస్తాయి. కుట్టేముందు దారాన్ని తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగి, రెండు వేళ్ల మధ్య సాఫు చెయ్యండి. కొవ్వొత్తి వాడకండి, ఇస్త్రీ పెడితే జిడ్డు మరక తేలుతుంది. పొడుగు దారం ఎక్కిస్తే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం గానీ, అది ఆరు పొరల్లోంచి అన్నిసార్లు ఒరుసుకుపోయి చివరికి వచ్చేసరికి సగమవుతుంది. చేతి పొడవు దాటనివ్వకండి.

తుప్పుకి కారణం చెమటలోని ఉప్పే. పని ఆపగానే సూదిని పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టాలి, బొంతలోనే గుచ్చి వదిలెయ్యకూడదు. తుప్పు సంగతి అటుంచి, పిల్లలు ఆ బొంత మీద దొర్లుతారు. అది తల్చుకుంటేనే నాకు గుండె ఝల్లుమంటుంది. సూది గుడ్డలో ఇరుక్కుంటుంటే తలలో ఒకసారి రాసుకునే అలవాటు మన అమ్మమ్మలది, అది ఇప్పటికీ పనిచేస్తుంది. ఎండిన సబ్బుబిళ్ల మీద లాగినా సర్రున దిగుతుంది. పడిన మరక మీద నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెట్టి, చల్లటి నీళ్లతో జాడించండి. రంగు గుడ్డైతే ముందు ఏదో మూల చూసుకుని చెయ్యండి, నిమ్మకి కొన్ని రంగులు దిగిపోతాయి.

మా అమ్మకి డెబ్భై దాటాయి. మనవళ్లందరికీ తలో బొంత ఇచ్చి పోతానని పట్టుబట్టి మిట్టమధ్యాహ్నం కూడా కుడుతూనే ఉంటుంది. దాహం లేదంటుంది, నీళ్లు తాగదు. బీపీ మాత్రలు వాడుతోంది. మొన్న లేవబోయి తూలింది. వద్దంటే అలుగుతుంది. మీ మాటైతే వింటుందేమో, ఈ పేజీ చదివిస్తాను.
ఒక కూతురు, ఖమ్మం

అయితే ఈ జవాబు అమ్మకే రాస్తాను.

వదినగారూ, మీ చేతి బొంత మనవళ్లకి అందాలన్నది మీ కోరికే కాదు, నాదీను. అందుకే చెబుతున్నాను, మీరు తూలిన సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వయసు మళ్లాక ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం వెయ్యదు. దాహం లేదు కదా అని ఊరుకుంటే కుదరదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి, ఎండల్లో వాటితో ఇంకా నీరసం వస్తుంది. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఇలా తూలానని ఈ వారంలోనే డాక్టరుకి చెప్పండి. ఆయనే మోతాదు చూస్తారు. మజ్జిగలో ఉప్పెంత, ఓఆర్ఎస్ తాగొచ్చా లేదా అన్నది కూడా ఆయన్నే అడగండి. బీపీ ఉన్నవాళ్లకి నేను ఇక్కడి నుంచి ఉప్పు కొలత చెప్పడం తప్పు. నీళ్లకి మాత్రం ఒక పద్ధతి పెట్టుకోండి. దారం ఎక్కించిన ప్రతిసారీ రెండు గుక్కలు. గ్లాసు పక్కన లేకపోతే సూది పట్టుకోవద్దు. దారం చిన్నది, కాబట్టి గుక్కలు తరచుగా పడతాయి.

పొద్దున రాగి అంబలో, తరవాణి అన్నమో తిని, ఏడున్నర దాకా కుట్టండి. తర్వాత సాయంత్రం ఐదు దాటాకే. మధ్యలో చేతులు ఊరుకోవంటే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ ముక్క పక్కన ఏ ముక్క వెయ్యాలో చెప్పండి, పేర్చడం దాని పని. పది కుట్లకి ఒక కుట్టు వంకరపోయినా సరే, దాని చేత కూడా ఒక వరస వేయించండి. ఆ పిల్లకి మీరిచ్చే బొంతకన్నా ఆ వరస ఎక్కువ కాలం ఉంటుంది.

ఇక అమ్మాయీ, ఇది నీకు. అమ్మకి తలనొప్పి, వాంతి, కాళ్లు పీకడం మొదలైతే వెంటనే పని ఆపించి, చల్లటి చోట పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టించు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎవరు ఏమిటన్నది పోల్చుకోలేకపోతే అది వడదెబ్బే. చెమట పట్టిందా లేదా అని చూస్తూ కూర్చోకు. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండు, చంకల్లో, మెడ దగ్గర చల్లటి తడిగుడ్డలు పెట్టు. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

జూన్‌లో మూడు వారాలకి డల్లాస్ నుంచి తణుకు వస్తున్నాను. అమ్మతో కలిసి అమ్మ పాత చీరలతో బొంత కుట్టాలని ఉంది. ఇక్కడ మేం క్విల్టింగ్ చేసేది ఏసీలో. అక్కడి ఉక్కలో నేను కూర్చోగలనా? మధ్యలో పెట్టడానికి ఇక్కడి నుంచి పాలిస్టర్ బ్యాటింగ్, అంటే దూదిలాంటి మెత్తటి పొర, తెమ్మంటారా?
డల్లాస్ నుంచి ఒక కూతురు

పాలిస్టర్ తేవద్దమ్మా. మన బొంతలో చీర మీద చీరే, మధ్యలో దూది గానీ మరొకటి గానీ ఉండదు. నూలు పొరలు చెమట పీల్చుకుంటాయి, ఉతికితే ఆరతాయి. ఆ పాలిస్టర్ పొర పెడితే మీ అమ్మగారు ఏప్రిల్లో దాన్ని కప్పుకోలేరు.

అంతా తణుకులోనే పూర్తి చెయ్యాలని పెట్టుకోవద్దు. జూన్ మొదట్లో గోదావరి జిల్లాల ఉక్క మామూలుగా ఉండదు, పైగా నువ్వు ఏసీకి అలవాటు పడి వస్తావు. ఒళ్లు ఆ వేడికి సర్దుకోవడానికి వారం పైనే పడుతుంది. మొదటి వారం చీరలు ఎంచడంతో సరిపెట్టండి. ఏది ఎవరి పెళ్లికి కొన్నది, ఏది ఏ పండక్కి కట్టింది, అదంతా రాసుకో. అమ్మగారు చెప్పే కథలకి చెమట పట్టదు. రంగు దిగే చీరని అప్పుడే పట్టుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో కొంగు మీద గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. రెండో వారం పొద్దున్నే ఇద్దరూ కలిసి పరిచి కచ్చా కుట్లు వెయ్యండి. ఈ పనికి రెండు జతల చేతులు కావాలి, ఒకరు లాగి పట్టుకుంటేనే రెండోవారి కుట్టు సాఫుగా పడుతుంది. చుట్టూ అంచు అమ్మగారి చేత వేయించు. లోపలి వరసలు నువ్వు డల్లాస్ వెళ్లాక తీరిగ్గా వేసుకో. కచ్చా కుట్లు దగ్గర దగ్గరగా, బెత్తెడుకొకటి ఉంటే, సూట్‌కేసులో మడిచినా పొరలు జరగవు.

కుట్టిన బొంతలు ఈ ఎండలోనే ఉతికి ఆరెయ్యొచ్చా? రంగులు పోతాయని మా అత్తగారు వద్దంటున్నారు.
నిజామాబాద్ పాఠకురాలు

ఉతకండి. మందపాటి బొంత లోపలి పొరదాకా ఎండేది ఈ ఎండల్లోనే. వానాకాలంలో ఉతికితే లోపల చెమ్మ ఉండిపోయి ముక్కవాసన వేస్తుంది. అత్తగారు చెప్పింది కూడా నిజమే, కాబట్టి మంచి చీర ఉన్న పైవైపు లోపలికి తిప్పి ఆరెయ్యండి, లేదా చెట్టునీడన గాలి తగిలేచోట వెయ్యండి. తడి బొంత చాలా బరువుంటుంది. ఒక్క తాడు మీద వేలాడేస్తే కుట్లు సాగుతాయి, అందుకని రెండు తాళ్ల మీదుగా గానీ నులక మంచం మీద గానీ పరవండి. పదింటికల్లా ఆరేసి ఇంట్లోకి వచ్చెయ్యండి. తిరగెయ్యడానికి మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కక్కర్లేదు, సాయంత్రం తిరగేసి మర్నాడు ఇంకో పూట ఉంచితే సరి.